మూడో మ్యాన్‌హోల్ దగ్గర నా సంతకం

నేను విరమణ తీసుకున్నానని చెబితే ఎదుటివాళ్లు ముందు నా జుట్టు వైపు చూస్తారు. అందులో ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు. నాకు ముప్పై అయిదేళ్లు. బాస్కెట్‌బాల్ ఆడి బతికినవాడికి అది ముసలితనమే. సౌదీలో జీతం తీసుకుని ఈ ఆట ఆడిన మొదటి తెలుగువాణ్ణి నేనేనని కొందరంటారు. నేను అనను. నాకంటే ముందు ఇంకొకరు ఆడి ఉండవచ్చు. నా పేరు ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఆటగాడిగా లేనట్టే వాళ్ల పేర్లూ ఉండవు. రుజువు లేని గొప్పను ఒప్పుకోకూడదని నాకు శిక్షణ ఇచ్చారు.

ఆ శిక్షణ మైదానంలో దొరికింది కాదు. హనుమకొండలో డిగ్రీ చదివే రోజుల్లో పొద్దున బంతితోనూ, సాయంత్రం కాలేజీ వాదపోటీలతోనూ నా కాలం గడిచేది. మాకు వాదన నేర్పిన లెక్చరర్ గారు మొదటిరోజే ఒక మాట చెప్పారు: ఎదుటివాడి ప్రతిపాదనను ఖండించే ముందు అందులోని ప్రతి పదానికీ నిర్వచనం అడుగు. ఈమధ్య అదే ఊరి మైదానంలో గల్ఫ్ జట్ల పిలుపు కోసం ఎదురుచూస్తున్న ఆటగాళ్లు కొందరు నన్ను చుట్టుముట్టి, "అన్నా, ప్రొఫెషనల్‌గా ఆడితే అక్కడ ఎట్లుంటది?" అని అడిగారు. పాత అలవాటు కొద్దీ నేను నిర్వచనంతో మొదలుపెట్టాను. ఆట ఆడినందుకు జీతం తీసుకునేవాడు వృత్తి ఆటగాడైతే, నేను ఎనిమిదేళ్లు వృత్తి ఆటగాణ్ణి. ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డులో ఏది రాసి ఉంటే అదే వృత్తి అయితే, నేను ఎనిమిదేళ్లు కూలీని.

ఈ రెండు నిర్వచనాల మధ్య ఖాళీలో ఒక మనిషి ప్రాణం పోవలసింది. గెలిచిన కప్పుల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. నేను ఆ ఖాళీ గురించి రాస్తాను.

బొంబాయిలో పరీక్ష

మమ్మల్ని ఎంపిక చేసింది బొంబాయిలో ఏజెంటు అద్దెకు తీసుకున్న ఒక రేకుల షెడ్డులో. వెల్డర్లకు రెండు ఇనుప పలకలిచ్చి అతకమన్నారు. నాకు షెడ్డు చివర గోడకు బిగించిన రింగు చూపించారు. రెండింటినీ ఒకే కుర్చీలోంచి చూసినవాడు నాసర్. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు. అమెరికాలో చదువుకున్నప్పుడు బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టిందట. జుబైల్ పారిశ్రామిక నగరంలో కాంట్రాక్టు కంపెనీల మధ్య జరిగే పోటీలో తన జట్టు గెలవాలన్నది ఆయన కోరిక.

నా ముందు వరుసలో ఉన్న వెల్డరు పేరు పోశన్న. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను బంతి వేయడం చూసి పలక పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"ఏం తమ్మీ, గా రింగుల బంతి ఏసుడు గూడ నౌకరేనా? ఈడ నేను కండ్లు కాలవెట్టుకుంటున్న, నువ్వు ఆడుకుంట దేశం దాటుతున్నవ్."

"నీ అతుకు పడకుంటే నిన్ను ఇంటికి పంపుతరు. నా బంతి పడకుంటే నన్ను పంపుతరు. తేడా ఏమున్నదే అన్నా?"

"అబ్బో! చదువుకున్నోని నోరు. నడువ్, ఒక్క రూములనే ఉందాం. నాకు ఉత్తరాలు రాసివెట్టు."

అలాగే ఒకే గదిలో ఉన్నాం. అతని ఉత్తరాలు నేను రాశాను. నా అన్నం అతను వండాడు.

గేటుపాసులో ఉన్న పని

మా ఇఖామాలు, అంటే నివాస కార్డులు, వచ్చాక చూసుకున్నాను. నా వృత్తి "కూలీ" అని ఉంది. నాసర్ తేలిగ్గా నవ్వి, ఆటగాడని రాస్తే వీసా ఎవడిస్తాడన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి నేను ఊరుకున్నాను.

అసలు చిక్కు ఇఖామాతో రాలేదు, పోటీ నియమంతో వచ్చింది. ప్లాంట్లలో నిజంగా పనిచేసేవాళ్లే జట్టులో ఉండాలని నిర్వాహకుల షరతు. బయటి ఆటగాళ్లను దించకుండా పెట్టిన మంచి నియమం అది. అందువల్ల ప్రతి కంపెనీ తన ఆటగాళ్లకు ఏదో ఒక సైటు పని రాసేది. స్టోరులో ఒకణ్ణి, డ్రైవరుగా ఒకణ్ణి. నా గేటుపాసులో రాసిన పని హోల్ వాచ్.

ఆ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. ప్లాంటును మరమ్మతు కోసం ఆపినప్పుడు పెద్ద పెద్ద ఇనుప ట్యాంకుల్లోకి మనుషులు దిగి పనిచేస్తారు. దిగడానికి ఒక గుండ్రటి కంత ఉంటుంది, దాన్నే మ్యాన్‌హోల్ అంటారు. ఆ కంత దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలి. ఎవరు ఎన్ని గంటలకు లోపలికి వెళ్లారో, ఎప్పుడు బయటికి వచ్చారో షీటులో రాయాలి. అప్పుడప్పుడు పేరు పెట్టి పిలిచి జవాబు వినాలి. జవాబు రాకపోతే తాను దిగకుండా అలారం మోగించాలి. చూడటానికి చేతులు కట్టుకుని నిలబడే ఉద్యోగం. అందుకే ఆటగాడికి రాయడానికి అనువుగా కనిపించింది.

ప్రాక్టీసు లేని పూటల్లో నేను నిజంగానే నిలబడేవాణ్ణి. పోశన్న లోపల ఉంటే పిలవడం మాకొక ఆట. "అన్నా, ఉన్నవా?" అంటే "లేను, జగిత్యాల వోయిన!" అని లోపలినుంచి గొంతు గంటలా మోగుతూ వచ్చేది.

సైరన్ల కాలం

కువైట్‌ను ఆక్రమించారన్న వార్త మా క్యాంపుకు పాలపొడి ద్వారా తెలిసింది. దుకాణంలో ఒకే పూటలో డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. తర్వాత ఊరంతా సైనికుల లారీలతో నిండిపోయింది. పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. దేశం దాటాలంటే మమ్మల్ని రప్పించిన యజమాని అయిన కఫీల్ సంతకంతో ఎగ్జిట్ ముద్ర పడాలి. వెళ్తామని అడిగినవాళ్లకు నాసర్ చెప్పిన జవాబు ఒక్కటే: "అందరూ వెళ్తే పని ఎవరు చేస్తారు?" దాన్ని నేను అప్పుడు జవాబనే అనుకున్నాను. నిజానికి అది ప్రశ్నకు ప్రశ్న.

జనవరిలో సైరన్లు మొదలయ్యాయి. గ్యాస్ మాస్కుల సంచులు భుజాన వేసుకునే ప్రాక్టీసుకు వెళ్లేవాళ్లం. జిమ్నేజియం అద్దాలకు అడ్డదిడ్డంగా టేపులంటించారు. ఆట ఆపవద్దని నాసర్ ఆజ్ఞ. ఆడుతున్నవాళ్లను చూస్తే మిగతా క్యాంపు కుదురుగా ఉంటుందని ఆయన లెక్క. సైరన్ మోగితే గడియారం ఆపి, బంతి ఎవరి చేతిలో ఉందో స్కోరు బల్ల దగ్గరివాళ్లు రాసుకునేవారు. మాస్కులు తగిలించుకుని బెంచీల కింద పడుకునేవాళ్లం. ప్రమాదం తొలగిందన్న కూత వచ్చాక ఆట అక్కడినుంచే మళ్లీ మొదలు. ఒకసారి ఫ్రీ త్రోకు చెయ్యెత్తి ఉండగా సైరన్ మోగింది. తిరిగి వచ్చి అదే గీత మీద నిలబడితే రింగు రెండుగా కనిపించింది.

మా కోచ్ సమీర్ ఈజిప్టు మనిషి, మంచివాడు. "భయపడ్డవాడు బంతిని తొందరగా వదిలేస్తాడు, హబీబీ. పట్టుకో. రెండు క్షణాలు పట్టుకో," అనేవాడు. ఆటలో నేను నేర్చుకున్న అత్యుత్తమ పాఠం అది. జీవితంలో మాత్రం దానికి వ్యతిరేకమైనదే నేర్చుకున్నాను. సైరన్ మోగినప్పుడు ఎవరూ కారణం అడగరు, చెప్పినచోటికి పరిగెడతారు. వారాల తరబడి అలా బతికితే, చెప్పగానే చేసేయడం ఒంటికి పట్టిపోతుంది. యుద్ధం ముగిసిందన్నారు. మాస్కులు వెనక్కి ఇచ్చేశాం. ఆ అలవాటును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. వాదపోటీల్లో న్యాయమూర్తులనే ప్రశ్నించిన నేను ఆ ఏడాది ఆఫీసులో ఎవరినీ ఒక్క ప్రశ్న అడిగినట్టు గుర్తులేదు. ఒక్కసారి తప్ప.

పొద్దుటి సంతకం

యుద్ధం వల్ల వాయిదాపడిన మరమ్మతులన్నీ ఆ తర్వాత ఒక్కసారిగా మీదపడ్డాయి. వాయిదాపడిన పోటీ కూడా అప్పుడే పెట్టారు. మనుషులు చాలడం లేదు. అయినా మ్యాచ్ రోజున ఉదయం గేటు దగ్గర హోల్ వాచ్ షీటులో నేను సంతకం పెట్టడం, తర్వాత నన్ను వ్యానులో జిమ్నేజియానికి తీసుకుపోవడం మామూలైపోయింది.

మొదటిసారి ఆ షీటు నా ముందు పెట్టినవాడు ఫోర్‌మన్ ఖాన్ సాబ్, పెషావర్ మనిషి. నేను అడిగిన ఆ ఒక్క ప్రశ్న ఆయననే.

"ఖాన్ సాబ్, మేరీ జగహ్ కౌన్ ఖడా హోగా?" నా చోట ఎవరు నిలబడతారని.

"బంగాలీ హై నా. దోనో దేఖ్ లేగా." పక్క మ్యాన్‌హోల్ దగ్గరున్న బంగ్లాదేశ్ మనిషి రెండూ చూసుకుంటాడని అర్థం.

"ఔర్ దస్తఖత్?"

"దస్తఖత్ తేరా, నౌకరీ తేరీ. తో సవాల్ కిస్‌కా?"

సంతకం నీది, ఉద్యోగం నీది, మరి ప్రశ్న ఎవరిదని ఆయన ఎదురు వేశాడు. దాన్ని తిప్పికొట్టడానికి నాకు పది మార్గాలు తెలుసు. కలం తీసుకుని సంతకం పెట్టాను.

ఆ మధ్యాహ్నం, ఆటకు ముందు, గదిలో పోశన్న పప్పు కలుపుతూ ఎత్తిపొడిచాడు. "సంతకం వెట్టి మాయమైతవా? మా ఊరి బడి పంతులు గిట్లనే జేస్తడు."

"ఒక్క పూటనే గదనే."

"పో, గెలిచిరా. గెలిస్తె ముదీర్ కోడి బిర్యాని వెట్టిస్తడు. ఓడితె మల్ల గీ పప్పే."

అది ఒక్క పూట కాలేదు. సెమీ ఫైనల్‌కు వచ్చేసరికి ఎన్నిసార్లు సంతకం పెట్టానో లెక్కపెట్టడం మానేశాను. ఆ రోజు నా చోటు మూడో మ్యాన్‌హోల్. సంతకం పెట్టాను. దాని కింద గడులన్నీ ఖాళీగా వదిలి వ్యాను ఎక్కాను.

సెమీ ఫైనల్

సాయంకాలపు నమాజు తర్వాత ఆట మొదలైంది. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ ఆడలేదు. ముప్పై ఒక్క పాయింట్లు, నాలుగు ఫౌళ్లు. బంతి నా చేతిలో కుదురుగా ఉంది. నా మనసులో భయమన్నది లేదు. ఆ గంటన్నర గురించి ఈరోజుకీ నాకు కలిగే గర్వాన్ని దాచలేను, అందుకు నన్ను నేను క్షమించుకోనూ లేను.

బయటికి వస్తే వ్యాను డ్రైవరు మా ఎవరి ముఖమూ చూడలేదు. "తేరే కమరేవాలా గిర్ గయా," అన్నాడు నాతో. నీ గదిమనిషి పడిపోయాడని.

జరిగింది ఇది. పైపుల అతుకుల కోసం వాడిన ఆర్గాన్ వాయువు ట్యాంకు అడుగున చేరింది. దానికి రంగూ వాసనా ఉండవు, గాలికంటే బరువు. పోశన్న మూడో మ్యాన్‌హోల్ గుండా దిగాడు. అతని పేరు రాయడానికి అక్కడ మనిషి లేడు. రెండు కంతల మధ్య అటూ ఇటూ నడుస్తున్న బంగ్లాదేశ్ మనిషి తిరిగి వచ్చి, లోపల వెల్డింగు వెలుగు కనిపించకపోవడం చూసి అలారం మోగించాడు. అప్పటికి ఎంతసేపయిందో ఎవరూ చెప్పలేకపోయారు. బయటికి లాగాక ఊపిరి అందింది. ప్రాణం దక్కింది.

నేను చెప్పిన రెండు నిజాలు

కాగితం మాత్రం వేరే కథ చెప్పింది. వాచ్ ఉన్నట్టు నా సంతకం ఉంది. లోపలికి వెళ్లినవారి గడిలో పోశన్న పేరు లేదు. ఈ రెంటినీ కలిపి చదివితే ఎవరికైనా ఒకటే తోస్తుంది: కాపలా మనిషి కళ్లుగప్పి వెల్డరు తనంతట తాను దిగాడు. అనుమతి లేకుండా దిగినవాడికి ఆ నగరంలో శిక్ష ఖరారు. ఆసుపత్రి నుంచి నేరుగా విమానానికి తీసుకుపోతారు. ఇక ఏ ప్లాంటు గేటూ అతనికి తెరుచుకోదు.

మర్నాడు విచారణ గదిలోకి వెళ్లే ముందు నాసర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. అతను దిగడం చూశావా అని అడుగుతారు. చూశావా? లేదు. నీకు చెప్పి దిగాడా అని అడుగుతారు. చెప్పాడా? లేదు. ఖలాస్."

ప్లాంటు భద్రతాధికారి స్కాట్లాండ్ నుంచి వచ్చిన మితభాషి. సరిగ్గా ఆ రెండు ప్రశ్నలే అడిగాడు. చూడలేదన్నాను. చెప్పలేదన్నాను. ఆయన రాసుకున్నాడు, నేను సంతకం చేశాను.

ఎదుటివాడు అడగని ప్రశ్నకు జవాబు ఇవ్వవద్దని వాదపోటీల్లో నేర్పుతారు. అందుకు నాకు బహుమతులు కూడా వచ్చాయి. ఆ గదిలో నేను చేసిన తప్పు భయంతో నోరు జారిన కూలీవాడి తప్పు కాదు. రెండు నిజాలు పేర్చి ఒక అబద్ధం కట్టడం చదువుకున్నవాడే చేయగలడు. అబద్ధమాడలేదని నాకు నేను చెప్పుకుంటూ బయటికి వచ్చాను. ఆ రాత్రి గదిలో ఎదురుగా పోశన్న మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది.

వార్డులో

చూడటానికి వెళ్లేందుకు నాకు మూడు రోజులు పట్టింది. పని ఉందని సాకు. పోశన్న దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. స్టీలు గ్లాసు పట్టుకోబోతే చేతులు వణికి నీళ్లు దుప్పటి మీద ఒలికాయి. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. వెల్డరు చెయ్యి వణకడమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

"దగ్గరికి రా తమ్మీ. నా మీద కోపమున్నదా?"

"నాకెందుకే కోపం?"

"నీకు జెప్పకుంట లోపటికి వోయిన్నట గద. ఖాన్ సాబ్ అచ్చి జెప్పిండు. నాకైతె యాదికి లేదు. పొద్దుగాల చాయ తాగింది యాదికున్నది, గంతే. ఆడ నువ్వుండంగ నీకెందుకు జెప్పలేదో, ఏం సైతాను వట్టిందో." గ్లాసు కింద పెట్టాడు. "నా తోని నీ నౌకరికేం గాలే గద?"

"గాలేదన్నా."

"అవు. నీ మ్యాచ్ ఎప్పుడు?"

జవాబు నోటిదాకా వచ్చింది. మ్యాచ్ అయిపోయింది, నువ్వు ఊపిరాడక పడి ఉన్నప్పుడు నేను ఆడుతున్నాను అని. "ఫైనల్ ఉన్నది," అన్నాను.

"గెలువుండ్రి. గీ దావఖాన్ల బిర్యాని మీద ఆశ ఒక్కటే మిగిలింది నాకు."

జ్ఞాపకం లేని మనిషి కాగితాన్ని నమ్ముకున్నాడు. ఆ కాగితం మీద ఉన్నది నా సంతకం. అతనే తనను దోషిగా ఒప్పుకుంటున్నాడంటే, ఇక అతని తరఫున మాట్లాడగలవాడు ప్రపంచంలో ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడు ఫైనల్ ఉన్నదని చెప్పి బస్సెక్కాడు.

స్కోరు షీటు

నోటిమాటకు విలువ లేదని నాకు తెలుసు. నేను అక్కడ లేనని చెబితే, గదిమనిషిని కాపాడటానికి అల్లుతున్నాడంటారు. రుజువు కావాలి. బాస్కెట్‌బాల్‌లో రుజువుకు కొదవ లేదు. ఏ నిమిషంలో ఎవరు బుట్టలో వేశారో, ఎవరు ఫౌల్ చేశారో, జెర్సీ నంబరుతో సహా స్కోరు షీటులో ఉంటుంది. కింద రిఫరీ సంతకం. కార్బన్ పెట్టి మూడు ప్రతులు రాస్తారు. ఒకటి నిర్వాహకులకు, ఒకటి మాకు, ఒకటి ఎదుటి జట్టుకు.

మా ప్రతి సమీర్ దగ్గర ఉంది. అడిగాను. ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు.

"అందులో నీ ఒక్కడి నంబరే లేదు. పన్నెండు మంది ఉన్నారు. డ్యూటీ రాసుకుని ఆడినవాళ్లే అందరూ. జట్టును తీసేస్తారు. నాసర్ కోపం పన్నెండు మంది మీద పడుతుంది. నాకు కైరోలో ముగ్గురు ఆడపిల్లలున్నారు. నీ ఒక్కడి అంతరాత్మ కోసం మేమందరం ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవాలా?"

"మరి పోశన్న?"

"పోశన్న నా జట్టు కాదు," అన్నాడు సమీర్. అన్నాక ఆయనే తల దించుకున్నాడు. కాగితం మాత్రం ఇవ్వలేదు.

ఆ వాదనకు నా దగ్గర ఈరోజుకీ సంపూర్ణమైన జవాబు లేదు. ఒకరి న్యాయం కోసం పన్నెండు మందికి నష్టం చేయవచ్చునా అన్న ప్రతిపాదన మీద కాలేజీలో ఇరుపక్షాలా మాట్లాడి గెలిచాను. అక్కడ గంట మోగగానే అందరం కలిసి టీ తాగేవాళ్లం. ఇక్కడ నేను చెప్పుకోగలిగింది ఒక్కటే: మేము పన్నెండు మందిమీ తెలిసే సంతకం పెట్టాం, అతను పెట్టలేదు.

అందుకని ఓడిన జట్టు దగ్గరికి వెళ్లాను. వాళ్ల ఆటగాడు రోమెల్ ఫిలిప్పీన్స్ మనిషి. సెమీ ఫైనల్లో నన్ను కాయలేక మోచేతులతో పొడిచినవాడు. సంగతి విని వెంటనే సంచిలోంచి షీటు తీశాడు. ఇచ్చే ముందు చెయ్యి ఆపాడు.

"ఇది ఇస్తే ఫైనల్ మేము ఆడతాం. నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది."

"మైదానంలో నిన్ను ఆపలేకపోయాం. ఇప్పుడు నువ్వే వచ్చి ఓడిపోతున్నావు." నవ్వబోయి నా ముఖం చూసి మానేశాడు. "నీ మిత్రుడు బతుకుతాడా?"

"బతికాడు. చేతులు వణుకుతున్నాయి."

షీటు మడవకుండా ఒక అట్ట మధ్య పెట్టి ఇచ్చాడు.

భద్రతాధికారి హోల్ వాచ్ షీటునూ, స్కోరు షీటునూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. ఒకే సాయంత్రం, ఒకే మనిషి, రెండు చోట్ల. వేలితో గడులు దిగుతూ వచ్చి నా వైపు చూశాడు.

"మొదటిరోజు ఇది ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

నేను పొగరుగా అనలేదు. నోటికి వచ్చిన నిజం అది. "అవును. నువ్వెక్కడ ఉన్నావని నేను అడగలేదు," అన్నాడు. ఆ మాట కూడా నివేదికలో రాశాడు. నా ఎనిమిదేళ్లలో నేను చూసిన పై అధికారుల్లో తన పొరపాటును తన చేత్తో రాసుకున్నవాడు ఆయనొక్కడే. ఆయన నా పై అధికారి కూడా కాదు.

తర్వాత

వెల్డరు తప్పు లేదని, వాచ్ లేడని, షీటు బూటకమని నివేదిక తేల్చింది. పోశన్నకు వైద్యం కొనసాగించి, చేతులు కుదుటపడేదాకా పనిముట్ల గదిలో ఉద్యోగం ఇవ్వాలని ప్లాంటువాళ్లు పట్టుబట్టారు. ఖాన్ సాబ్‌ను ఇంటికి పంపారు. ఆ షీటు ఆయన తనంతట తాను కనిపెట్టింది కాదని నాకు తెలుసు. ఆ సంగతి చెప్పాను, నివేదికలోకి ఎక్కలేదు. మా జట్టును తొలగించారు. సమీర్‌కు ఉద్యోగం మిగిలింది, నాతో మాట మాత్రం మిగల్లేదు. బంగ్లాదేశ్ మనిషికి శిక్ష పడలేదు. ఆ నివేదికలో నాకు పూర్తిగా తృప్తినిచ్చిన వాక్యం అదొక్కటే.

నాకు ఎగ్జిట్ కొట్టిస్తానని నాసర్ అరిచాడు. రెండు రోజుల తర్వాత పిలిచి, అభాలో తన మిత్రుడికి ఒక జట్టు ఉందని, అక్కడికి బదిలీ చేస్తానని అన్నాడు. దయ అనుకోవద్దు. బుట్టలో బంతి వేయగలవాణ్ణి పారేయరు, దూరంగా ఉన్న స్నేహితుడికి ఇస్తారు. నేను వద్దనలేదు. నా సూత్రాలకు ఉన్న హద్దు కూడా మీకు తెలియాలి కనుక ఇది చెబుతున్నాను. కొండల మీది ఆ ఊళ్లో మరికొన్నేళ్లు ఆడాను. అక్కడ నా గేటుపాసులో ఏ పని రాశారో మొదటిరోజే అడిగి, ఆ పని చేశాకే బంతి పట్టుకున్నాను. మీకు ఇవ్వగల సలహా కూడా అంతే. నిలబడని చోట సంతకం పెట్టకండి. మిగతావన్నీ, ఆట కూడా, తర్వాత నేర్చుకోవచ్చు.

అభాకు బయలుదేరే ముందురోజు వార్డుకు వెళ్లాను. దారిలో వాక్యాలు కూర్చుకున్నాను. నివేదిక వచ్చింది కాబట్టి మాట మంచి కబురుతో మొదలవుతుందని ధైర్యం.

"అన్నా, నీ తప్పు లేదని రాసిండ్రు. ఆ దినం మ్యాన్‌హోల్ కాడ నేను లేను. మ్యాచ్ ఆడుతున్న. ఫిలిప్పీన్స్ ఆటగాని కాడ స్కోరు కాగితం దెచ్చి అధికారికి సూపెట్టిన."

పోశన్న దిండు మీదినుంచి లేచి కూర్చున్నాడు. "లేవా? నేను జెప్పకుంట వోయిన్నంటివి గద?"

"నేనట్ల అనలే. వాళ్లు అట్ల అనుకునేటట్టు జెప్పిన."

"ఎన్ని దినాలైతున్నదిప్పటికి?"

"పదకొండు."

"పదకొండు దినాలు." అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "గీ పదకొండు దినాలు నన్ను నేనే తిట్టుకున్న తమ్మీ. ఇరవై ఏండ్ల పనిల ఎన్నడు జెయ్యని తప్పు ఎట్ల జేసిన్నని నిద్రవోలే. నీ నౌకరికి ఎసరు వెట్టిన్నని ఏడ్సిన. నువ్వు ఈడ గిదే కుర్చీల కూసోని ఇన్నవ్."

"నీ మీది మచ్చ తీసేసినంక జెప్పాల్నని..."

"కాగితంల రాసేదాక నాకు జెప్పొద్దా? అధికారికి జెప్తివి. ఆ ఫిలిప్పీనోనికి సుత జెప్తివి. అందరికి జెప్పినంక నా దగ్గరికి అచ్చినవ్."

అతను అన్నదాంట్లో ఖండించడానికి ఒక్క పదం కూడా లేదు.

"పో తమ్మీ. ఇయ్యాల నీ మొఖం సూడలేను." గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తలుపు దాకా వెళ్లాను. "రేపు రావాల్నా?" అని అడిగాను. పక్క మంచం మీది మనిషి నన్ను జాలిగా చూశాడు.

"అస్తె," గోడవైపే చూస్తూ అన్నాడు పోశన్న, "పచ్చి మిరపకాయలు దే. గీ చప్పిడి తిండి తినలేకపోతున్న."

మరునాటి ఉదయం అభా బస్సు దగ్గర నా పేరు రెండుసార్లు పిలిచారట. ఆ వేళకు నేను కూరగాయల కొట్టు తలుపు ఎప్పుడు తీస్తారా అని దాని ముందు నిలబడి ఉన్నాను.